ఫొటోలో ఉన్న ముఖం

2024 ఫిబ్రవరి 5, సోమవారం. అశోక్‌నగర్ హాస్టల్లో పొద్దున పళ్లు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్లన్నీ ఎడమ మూతి చివర నుంచి బనీను మీదికి కారిపోయాయి. నిద్రమత్తు అనుకుని మళ్లీ పోసుకున్నా. మళ్లీ అంతే. తలెత్తి అద్దంలో చూస్తే మూతి కుడివైపుకు గుంజుకుపోయి ఉంది. ఎడమ కన్ను మూద్దామంటే రెప్ప కిందికి రావడం లేదు. నల్లగుడ్డు పైకి పోయి తెల్లగుడ్డు మాత్రం కనబడుతోంది.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే సివిల్స్ రాయనివాళ్లకు నమ్మబుద్ధి కాదు. ప్రిలిమ్స్ మే 26న. మంచం పక్కన గోడ మీద రోజూ పొద్దున ఒక అంకె మార్చి రాసేవాణ్ని. ఆ రోజు రాయాల్సింది 111. అది రాసేసి, ఆ తర్వాతే రూమ్మేట్‌ను లేపాను.

వాడు నన్ను చూసి "పక్షవాతంరా" అని భయపడ్డాడు. వీధి చివర క్లినిక్‌కు తీసుకెళ్లాడు. డాక్టర్ కనుబొమలు పైకెత్తమన్నారు. నుదుటి మీద కుడివైపు ముడతలు పడ్డాయి, ఎడమవైపు పడలేదు. "అయితే మెదడులో స్ట్రోక్ కాదు" అన్నారు. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ ఆదేశాలు అందుతాయి కాబట్టి స్ట్రోక్‌లో మామూలుగా నుదురు కదులుతూనే ఉంటుంది. నుదురుతో సహా సగం ముఖం పడిపోయిందంటే లోపం ముఖనాడిలోనే, అంటే ఏడో కపాల నాడిలోనే ఉంది. బెల్స్ పాల్సీ కావచ్చన్నారు. స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటల్లో మొదలుపెడితే మంచిదనీ, ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుందనీ చెప్పారు. చీటీ రాస్తూ ఒక ప్రశ్న అడిగారు. "చెవిలో ఎప్పుడైనా సమస్య ఉందా? చీము కారడం, నొప్పి?"

"లేదు సర్" అన్నాను.

అబద్ధం. అప్పుడు కూడా నా ప్యాంటు జేబులో దూది ఉంది.

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. నాలుగో తరగతిలో ఉండగా ఎండాకాలమంతా సాగర్ ఎడమ కాల్వలో ఈతలు కొట్టాం. ఆ ఏడే ఎడమ చెవి కారడం మొదలైంది. కాల్వ నీళ్లే కారణమని అమ్మ ఇప్పటికీ అంటుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసేది, కొన్నాళ్లు తగ్గేది, జలుబు చేస్తే మళ్లీ వచ్చేది. ఇంటర్, ఇంజినీరింగ్ అన్నీ దూదితోనే గడిచాయి. వాసన వచ్చేది కాబట్టి క్లాసులో ఎప్పుడూ ఎడమవైపు గోడ ఉండే బెంచీలో కూర్చునేవాణ్ని. అది ఒక అలవాటైపోయింది, రోగమని అనిపించడం మానేసింది.

ఇందులో నాకు బాగా సిగ్గనిపించేది ఇంకొకటి ఉంది. నా జీఎస్-2 నోట్సులో ఆరోగ్య పథకాల పేజీ ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా, నాలుగు 'డి'లు, మొత్తం 30 ఆరోగ్య సమస్యలు. ఆ 30లో మధ్య చెవి వాపు ఒకటి. దాని కింద జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం. రెండింటికీ ఆకుపచ్చ స్కెచ్‌తో గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతలు గీస్తున్న రోజు కూడా నా చెవిలో దూది ఉంది. బడిపిల్లల్లో ఆ పరీక్షలు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల వాళ్లకు. అప్పుచేసి మరీ మా నాన్న నన్ను ప్రైవేటు బడిలో వేశాడు. ఈ పాయింటును ఆన్సర్లో 'లోపాలు' కింద రాయొచ్చు. కానీ 24 ఏళ్ల ఇంజినీరు డాక్టర్ అడిగినా చెప్పకపోవడం ఏ పథకం లోపం? ఈఎన్‌టీకి పంపుతారు, స్కాన్ అంటారు, వారం పోతుంది. నేను లెక్కేసుకున్నది అంతే.

రెండు వారాలు మాత్రలు మింగాను. ఈలోగా ఫిబ్రవరి 14న సివిల్స్ నోటిఫికేషన్ వచ్చింది. దరఖాస్తుకు పాత ఫొటో పనికిరాదు, కొత్తది కావాలి. చిక్కడపల్లిలో ఒక స్టూడియోకు వెళ్లాను. అతను రెండు ఫొటోలు తీసి, తెర మీద చూసి, నా వైపు చూసి, "మూతి కొంచెం సెట్ చేయమంటారా అన్నా?" అన్నాడు. తలూపాను. మౌస్‌తో నాలుగు సార్లు అటూ ఇటూ లాగాడు, మూతి సమానమైంది. కన్ను కూడా సరిచేశాడు. చూస్తుంటే నిజంగానే తగ్గిపోయినట్టు అనిపించింది. నోటిఫికేషన్లో మాత్రం ప్రిలిమ్స్, మెయిన్స్, పర్సనాలిటీ టెస్ట్ మూడు దశల్లోనూ అభ్యర్థి రూపం ఆ ఫొటోతో సరిపోవాలని ఉంది. అప్పటికి ముఖం తిరిగి వస్తుందిలే అనుకుని అప్‌లోడ్ చేశాను.

మూడో వారం దాటినా ఒక్క కండరం కదల్లేదు. శివరాత్రికి ఇంటికి వెళితే అమ్మ గడప దగ్గరే కూలబడింది. మేనత్త పావురం నెత్తురు రాయాలంది. మా ఊళ్లో పక్షవాతానికి అదే మందు. నాన్న ఏమీ మాట్లాడలేదు. పక్కన కూర్చుని, కాసేపటికి ముక్కు ఎగబీల్చి, "చెవు ఇంకా కారుతుందా బిడ్డా?" అన్నాడు. ఆయన పదో తరగతి ఫెయిలు, రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. ముఖానికీ చెవికీ సంబంధం ఉండొచ్చని మా ఇంట్లో ముందుగా తట్టింది ఆయనకే.

మరుసటి రోజు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాం. సీటీ స్కాన్ చూసి ఆవిడ కొలెస్టియటోమా అన్నారు. పేరు భయపెడుతుంది గానీ క్యాన్సర్ కాదు. కర్ణభేరి వెనక్కి చర్మం చేరి, అక్కడే పొరలు పొరలుగా పేరుకుని, చుట్టూ ఉన్న ఎముకను మెల్లగా తినేస్తుంది. కంపుకొట్టే చీము దాని గుర్తు. ముఖనాడి మెదడు నుంచి ముఖానికి వచ్చే దారిలో దాదాపు 3 సెంటీమీటర్లు చెవి ఎముకలో ఒక సన్నటి గొట్టం గుండా పోతుంది. మధ్య చెవి దగ్గర ఆ గొట్టం గోడ చాలా పలుచన. నేను ట్రిపుల్ఈ చదివాను కాబట్టి నాకు అర్థమయ్యే భాష అదే. గోడలో కండ్యూట్ పైపు, అందులో వైరు. పదిహేనేళ్లుగా గోడకు చెమ్మ పట్టింది, పైపు తుప్పు పట్టింది, ఇప్పుడు వైరు తెగింది. గోడకు రంగు వేస్తే లైటు వెలగదు.

"ఫస్ట్ వీక్‌లోనే ఎందుకు రాలేదు?" అని ఆవిడ అడిగారు. నాన్న నా వైపు చూశాడు. ఈసారి నిజం చెప్పాను.

నాన్న మిల్లు షావుకారి దగ్గర అడ్వాన్సు తెచ్చాడు. మార్చి 13న ఆపరేషన్. నాలుగు గంటలన్నారు, ఆరున్నర పట్టింది. మెలకువ వచ్చేసరికి తల చుట్టూ బిగుతుగా కట్టు, గది గిర్రున తిరుగుతోంది. ఆ రోజు గుర్తున్నది వాంతులూ, నా పాదం పట్టుకుని కూర్చున్న అమ్మ చేయీ. రెండో రోజు డాక్టరమ్మ చెప్పారు. రోగాన్ని మొత్తం తీసేశారు. వినికిడికి ఉండే బుల్లి ఎముకల్లో రెండు అప్పటికే కరిగిపోయాయి. నాడి ఒకచోట పూర్తిగా పాడైపోయింది. ఆ ముక్క కోసేసి, మెడ పక్క నుంచి చెవి తమ్మెకు స్పర్శనిచ్చే నాడిలోంచి చిన్న తునక తీసి అతికారు. అందుకే ఎడమ చెవి తమ్మెను గిల్లినా నాకిప్పుడు తెలియదు.

అప్పుడే ఆవిడ గ్రేడ్ల సంగతీ చెప్పారు. 1985 నుంచి హౌస్, బ్రాక్‌మన్ అనే ఇద్దరు డాక్టర్ల పేరుతో 1 నుంచి 6 దాకా ఒక కొలత ఉంది. 1 అంటే మామూలు ముఖం, 6 అంటే అసలు కదలికే లేనిది. నాది 6. ఇలా అతుకు వేసిన నాడితో మహా అయితే 3 దాకా వస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు. ప్రతిదానికీ కటాఫ్ చూసుకునే మనకు ఇది బాగా అర్థమవుతుంది. ఎంత బాగా రాసినా 3 దాటదు.

కట్టుతో పడుకుని ఉండగానే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఆ కొద్ది రోజుల్లోనే ప్రిలిమ్స్‌ను మే 26 నుంచి జూన్ 16కు మార్చారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో అందరూ తిట్టుకుంటున్నారు. నాకు మాత్రం దేశం మొత్తం నాకోసం మూడు వారాలు ఆగినట్టనిపించింది. రూమ్మేట్ ఫోన్ చేసి "గోడ మీద అంకె మార్చాలారా, నువ్వొచ్చి మారుస్తావా?" అన్నాడు.

తెగిన నాడి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. చెవి నుంచి మూతి దాకా 10, 12 సెంటీమీటర్లు. నా లెక్క ప్రకారం నాలుగు నెలలు. ఆవిడ మాత్రం ఆరు నెలల నుంచి ఏడాది అన్నారు, అతుకులు దాటాలి కదా అన్నారు. ఈ నెలల్లో ముఖం కంటే పెద్ద పని కన్ను. రెప్ప పడకపోతే కంటి నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పగలు గంటకోసారి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి రెప్పను వేలితో కిందికి దించి ప్లాస్టర్. ఎవరికైనా ఇలా జరిగితే చెప్పండి, మూతి సంగతి తర్వాత, ముందు కన్ను కాపాడుకోవాలి. నాలుకకు ఎడమ సగం రుచి కూడా పోయింది. మెస్‌లో పప్పుచారు కుడివైపు నుంచి మాత్రమే పుల్లగా ఉండేది.

జూన్ 9న గ్రూప్-1 ప్రిలిమ్స్, 16న సివిల్స్ ప్రిలిమ్స్ రాశాను. సివిల్స్ హాల్లో ఇన్విజిలేటర్ చుక్కల సీసాను తిప్పి చూసి ఇచ్చేశారు. అడ్మిట్ కార్డు మీది ఫొటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫొటో చూశారు. "ఏమైంది బాబూ?" "ఆపరేషన్ అయింది మేడమ్." ఇంకేం అనకుండా సంతకం పెట్టి వెళ్లిపోయారు. స్టూడియోలో సరిచేయించిన ఆ ముఖాన్ని చూసి నాకే చిరాకేసింది. ఆమె అడిగింది మామూలు ప్రశ్నే, కానీ దొంగ సర్టిఫికెట్ పట్టుబడినట్టు చెమటలు పట్టాయి. ఏకాగ్రత కుదరలేదని సాకు చెప్పను. చదవలేదు, పోయింది. గ్రూప్-1 కూడా పోయింది.

జూలై 1న సివిల్స్ ఫలితాలు వచ్చాయి. రూమ్మేట్‌ది నాలుగో అటెంప్టు, వాడికీ పోయింది. మేడ మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చుని, భుజం మీద చేయి వేసి, "ఏం కాదురా, ఇంకా అటెంప్టులున్నయ్ కదా" అన్నాను. వాడు నా ముఖంలోకి చూశాడు. "నవ్వుతున్నావారా?" అన్నాడు.

నేను నవ్వలేదు. మాట్లాడితే కుడివైపు కండరాలు మూతిని పైకి గుంజుతాయి, ఎడమవైపు దాన్ని ఆపే బలం లేదు. చూసేవాళ్లకు వెటకారపు నవ్వులా ఉంటుంది. అయిదు నెలలుగా నాతో ఒకే గదిలో ఉన్నవాడు, రాత్రిళ్లు నా కంటికి ప్లాస్టర్ వేసినవాడు, అలా అడిగాడు. రాత్రి సారీ చెప్పాడు, తప్పు వాడిది కాదని నాకూ తెలుసు. ఆ క్షణంలో వాడు చూసింది ఒక ముఖాన్ని, అంతే. ఏప్రిల్లో ఎథిక్స్ పేపరుకు భావోద్వేగ ప్రజ్ఞ మీద 150 పదాల ఆన్సర్ రాసి పెట్టుకున్నాను. కలెక్టర్ బాధితుల ముఖాలు చదవాలి అని అందులో ఒక వాక్యం ఉంది. బాధితులు కూడా కలెక్టర్ ముఖం చదువుతారని నాకు తట్టలేదు.

ఆ రాత్రి వికలాంగుల హక్కుల చట్టం, 2016 తీసి షెడ్యూలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. 21 రకాలు. యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు, ఉండాలి కూడా. ముఖ పక్షవాతం అనే మాట ఎక్కడా లేదు. వినికిడి కింద చూస్తే రెండు చెవుల్లోనూ నష్టం ఉండాలి, నాది ఒక చెవే. అంటే లెక్కల్లో నేను పూర్తి ఆరోగ్యవంతుణ్ని. అది చూసి ఊరటపడ్డానో బాధపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. రెండూ అయ్యుంటాయి. సెక్షన్ 2లో వికలాంగులంటే ఎవరో చెప్పిన నిర్వచనం మాత్రం చాలాసేపు చదివాను. దీర్ఘకాలిక లోపం ఒక్కటే కాదు, ఆ లోపం అడ్డంకులతో కలిసి మనిషిని సమాజంలో సమానంగా పాల్గొననీయకపోవడం. రైటర్స్ క్రాంప్ ఉన్న అభ్యర్థికి స్క్రైబ్ ఇవ్వాలని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఈ తేడా పట్టుకునే. 40 శాతం సర్టిఫికెట్ లేనంత మాత్రాన మనిషికి లోపం లేదని కాదు. ఆ తీర్పును నోట్సులో రెండు లైన్లకు కుదించి పెట్టుకున్నాను. పూర్తిగా చదివింది ఆ రాత్రే.

ఆ తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. తెలంగాణ గ్రూప్-1కు 2022లోనే ఇంటర్వ్యూలు ఎత్తేశారు. రాతపరీక్షే. సివిల్స్‌లో 275 మార్కులకు అయిదుగురి ఎదుట కూర్చోవాలి, గ్రూప్-1కు ముఖం అక్కర్లేదు. "ఇకపై స్టేట్ సర్వీసెస్ మీద ఫోకస్, తెలంగాణ ఎకానమీ, ఉద్యమ చరిత్ర" అని కొత్త టైమ్‌టేబుల్ వేశాను. అడిగినవాళ్లకు స్ట్రాటజీ మార్చానన్నాను. గ్రూప్-1 తక్కువదని కాదు, దాని కోసమే ప్రాణం పెట్టి చదివేవాళ్లు మా రీడింగ్ రూమ్ నిండా ఉన్నారు. నేను దాన్ని ఎంచుకుంది డిప్యూటీ కలెక్టర్ అవుదామని కాదు, ఎవరూ నా ముఖం చూడరని.

బతుకమ్మకు ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆపరేషన్ అయి ఏడు నెలలు కావస్తోంది. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి అమ్మ మంచం పక్కన కూర్చుని చూస్తోంది. "నీ మూతి సరయింది నాయనా" అంది. లేచి అద్దంలో చూస్తే నిజమే, ఊరికే ఉన్నప్పుడు ముఖం రెండువైపులా సమానంగా ఉంది. నోరు తెరవగానే మళ్లీ వంకర. ముందు కండరానికి బిగువు వస్తుందట, కదలిక తర్వాత. నాలుగు రోజుల తర్వాత అద్దం ముందు మెల్లగా ప్రయత్నిస్తుంటే ఎడమ మూతి చివర ఒక్క గింజంత కదిలింది. అమ్మను పిలిచి చూపిస్తే ఆమెకు కనబడలేదు. మళ్లీ చూపించాను, కనబడలేదు. అయినా "ఆఁ, కదిలింది" అంది.

అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు అద్దం ముందు పావుగంట. బలంగా కాదు, మెల్లగా చేయాలని ఫిజియోథెరపిస్ట్ మరీ మరీ చెప్పింది. డిసెంబరుకు కన్ను దాదాపు మూతపడసాగింది. దాంతోపాటు ఇంకో తమాషా వచ్చింది. పెరిగే నాడి పోగులు పాత దారుల్లోనే పోవాలని లేదు. మూతికి పోవాల్సినవి కొన్ని కంటికి పోతాయి. దాన్ని సింకినేసిస్ అంటారు. ఇప్పుడు నేను ఇడ్లీ నమిలితే ఎడమ కన్ను ముడుచుకుంటుంది. మెస్‌లో ఎదురుగా కూర్చున్న కొత్త కుర్రాడు రెండు రోజులు చూసి ప్లేటు పట్టుకుని వేరే టేబులుకు వెళ్లిపోయాడు. నేనేం చెప్పాలి? వెళ్లి చెబుదామనుకున్నా, చెబుతుంటే మళ్లీ కన్ను కొట్టినట్టవుతుంది.

2025 జనవరిలో మళ్లీ సివిల్స్ నోటిఫికేషన్ వచ్చింది. ఫారం నింపలేదని రూమ్మేట్ పసిగట్టాడు. అడిగాడు. స్ట్రాటజీ అన్నాను. "దేనికి?" అన్నాడు. ఎందుకో ఆ రోజు దాచలేకపోయాను. ఇంటర్వ్యూ సంగతి మొత్తం చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "ఇప్పటికి ఎన్నిసార్లు ప్రిలిమ్స్ క్వాలిఫై అయినవ్?" అన్నాడు. ఒక్కసారి కూడా కాలేదు. "మరి నిన్ను ఇంటర్వ్యూకు పిలిచిందెవర్రా?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం. నా కన్ను ఇంతసేపు మూసుకునే ఉంది.

చివరి తేదీకి రెండు రోజుల ముందు అదే స్టూడియోకు వెళ్లాను. అతను గుర్తుపట్టాడు. ఫొటో తీసి తెర మీద పెట్టి, మౌస్ పట్టుకుని, "నిరుటిలాగా సెట్ చేయనా అన్నా?" అన్నాడు.

"వద్దు" అన్నాను. "హాల్లో కలవదు."

"కొంచెమే కదా, చేస్తే నీట్‌గా ఉంటది."

"వద్దులే. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటి తెల్లగా చెయ్."

చేశాడు. ఎనిమిది కాపీలు, ఫోన్‌కు ఒక సాఫ్ట్ కాపీ. అతను కవరులో పెట్టి ఇస్తుంటే వాటిలో ఒకటి తీసి చూసుకున్నాను. ఎడమ కన్ను కొంచెం చిన్నది. మూతి కొంచెం కుడికి. హాస్టల్‌కు వచ్చి అప్‌లోడ్ చేసి, గోడ మీద అంకె రాశాను.